యాయ్రా విడుదల

జనవరి 16

గుడ్డ మీద కొలత గీసే ఈ కొత్త సుద్దలు పనికిరావు. ఒక గీత గీస్తే రెండుగా కనిపిస్తోంది. బజారులో ఆ కొట్టువాడు ఈసారి నాసిరకం అంటగట్టాడు. విసుగొచ్చి, నా దగ్గర కుట్టుపని నేర్చుకునే యాయ్రాని గీయమన్నాను. దానికి గీత ఒకటే పడిందట. చిన్నవాళ్ళకి ఏ సుద్దయినా సరిపోతుంది.

ఎడారి దుమ్ముగాలి మొదలైంది. పొద్దున ఊడ్చిన షాపు మధ్యాహ్నానికి పిండిమర అయిపోతోంది. బట్టలన్నీ దుప్పట్లు కప్పి దాచాము.

జనవరి 20

దర్జీ మేడమ్‌ల సంఘం మీటింగు. అక్రా నుంచి అగ్బెకో అనే ఆయన వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా మటుకు బాగా కుట్టించుకున్నాడు. ఆఫ్రికా మొత్తంలో కుర్రవాళ్ళకీ ఆడపిల్లలకీ పనులు నేర్పడానికి పెద్ద నిధి ఏదో పెట్టారట. అక్రాలో సెంటరు కట్టారు. అక్కడే ఉండి పది నెలలు నేర్చుకోవాలి. పెద్ద మిషన్లు, కంప్యూటరు మీద కటింగు, అయ్యాక ఉద్యోగం. తిండి, మంచం వాళ్ళవే.

"ఈ ఖండానికి ఉన్న ఆస్తి బంగారం కాదమ్మా, కోకో కాదు. మన జనంలో సగానికి పైగా పాతికేళ్ళు నిండనివాళ్ళే. వాళ్ళ చేతులే ఆస్తి. మీ షాపులో ఉన్న మంచి చేతిని మాకివ్వండి" అన్నాడు.

షరతులు కూడా చెప్పాడు. పాతికేళ్ళ లోపు ఉండాలి. షాపుకి ఒక్కరే. ఆ పిల్ల తన చేత్తో కోసిన బట్ట ఒకటి తేవాలి. అది ఆమెదేనని మేడమ్ వచ్చి నోటితో చెప్పాలి. నేర్చుకునే పిల్లని మేడమ్ నలుగురి ముందు విడుదల చేస్తేనే సొంతంగా పని చేసుకోవాలన్న మన పద్ధతి తెలిసినవాడే. పంపితే విడుదల చేసినట్టే లెక్క, వేరే వేడుక అక్కర్లేదన్నాడు.

మా అధ్యక్షురాలు అకోఫా మురిసిపోయింది. "మన పిల్లలు పెద్ద మిషన్ల మీద కూర్చుంటారు. వాళ్ళ పేరు చెప్పుకుని మనం తలెత్తుకు తిరగొచ్చు."

"మరి మన మిషన్ల మీద ఎవరు కూర్చుంటారే?" అన్నాను.

హాలంతా నవ్వు. నేనూ నవ్వాను. నేను హాస్యానికి అనలేదు.

జనవరి 22

బాగా ఆలోచించాను. యాయ్రాకి ఇంకా నేర్పాల్సింది ఏముంది? రవికె మెడ కోస్తే మనిషి మెడకి అతుక్కుంటుంది. రాని పిల్లనే కదా బడికి పంపాలి. జ్వరం ఉన్నవాళ్ళనే కదా ఆసుపత్రికి తీసుకెళ్తారు. షాపులో ఇంకో పిల్ల కాఫూయి ఉంది చూడు, నిన్న కూడా కుడి చేయి తీసుకెళ్ళి ఎడమ చంకలో కుట్టి, తనే చూసి పగలబడి నవ్వింది. ఆ సెంటరు అవసరం కాఫూయికే. నేర్చుకోవాలన్న కోరిక కూడా ఉంది పాపం.

పైగా ఈస్టరుకి చర్చి ఆడవాళ్ళ సంఘం బట్టలన్నీ మన దగ్గరే. ఇప్పుడు కటింగు చేసే మనిషిని వదులుకోవడం కుదరదు.

కాఫూయిని పంపుతున్నాను. న్యాయమైన పని.

జనవరి 27

హోహోయె నుంచి ఒక కొత్త కస్టమరు కాబా రవికె అడిగింది, నీకిష్టమొచ్చినట్టు కొయ్యి అని యాయ్రాకి చెప్పాను. ఆకుపచ్చ మీద పసుపు గువ్వల గుడ్డ ఇచ్చాను. కొలతలు అడిగితే కాఫూయిలాంటి ఒళ్ళే అన్నాను.

అది గుడ్డని బల్ల మీద పరిచి, చేత్తో నిమిరి, కాసేపు ఊరికే చూసింది. తర్వాత కత్తెర పెట్టింది. ఒక్క గువ్వ కూడా మధ్యలో తెగకుండా భుజాల మీదికి తెచ్చింది. మెడ దగ్గర మడత మీద మడత వేసి, చివర్న విప్పారేలా వదిలేసింది. అది నేను నేర్పింది కాదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, "మీరు కోస్తుంటే చూసిందే మేడమ్" అంది. నేను అలా ఎప్పుడూ కోయలేదు.

జనవరి 30

పొద్దున కాఫూయికి ఆ కాబా ఇచ్చి తొడుక్కోమన్నాను.

"ఇది యాయ్రక్క కోసింది కదా మేడమ్."

"షాపు ఎవరిదే?"

"మీదే."

"గుడ్డ ఎవరిది?"

"మీదే మేడమ్."

"అయితే నోరు మూసుకుని నడువు."

హాల్లో అగ్బెకో ఆ మెడని వేళ్ళతో తడిమి చూశాడు. పక్కన కూర్చున్న ఇద్దరికీ చూపించాడు. "ఇది ఈ అమ్మాయి చేత్తో కోసిందేనా మేడమ్ ఎసినామ్?" అని నన్ను అడిగాడు. అవునన్నాను. కాఫూయి నేల చూపులు చూస్తూ నిలబడింది. వినయం అనుకుని ఉంటారు.

"ఈ చేయి మాకు కావాలి" అన్నాడాయన.

మా షాపుకే పేరొచ్చింది. చేయి ఎవరిదైతేనేం.

జనవరి 31

"ఆ హోహోయె ఆవిడ కాబా తీసుకెళ్ళిందా మేడమ్?"

"తీసుకెళ్ళింది."

"నచ్చిందా?"

"నచ్చింది."

యాయ్రా నవ్వింది. దానికి మెచ్చుకోలంటే మహా ఇష్టం. రోజంతా ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉంది.

ఫిబ్రవరి 8

కాఫూయి వెళ్ళింది. బస్సు దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది యాయ్రానే.

మార్చి 29

మిషన్లు బాగు చేసే సెనానూ వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా అన్నా అన్నా అని పిలుస్తున్నానని నన్ను ఏమన్నా చెల్లుతుందనుకుంటాడు.

"ఏమ్మా ఎసినామ్, కాఫూయిని పంపావంట! ఆ పిల్ల సూదిలో దారం ఎక్కిస్తే ఒంటెని దూర్చినట్టు ఉంటుంది కదా. మీ షాపులో పిల్లల కరువొచ్చిందా?"

"నేర్చుకుంటుందని పంపాను."

"నేర్చుకుంటుందిలే. మరి ఈ పిల్ల ఎప్పుడు వెళ్తుంది? నీ దగ్గర మెళ్ళో టేపు ఒక్కటే మిగిలిందమ్మా. కత్తెర ఎప్పుడో దాని చేతికెళ్ళింది."

యాయ్రా విననట్టు తల వంచుకుని కోస్తోంది. సెనానూకి రావలసిన మజూరీ ముఖాన కొట్టి పంపించాను. ఇంకెప్పుడూ వాణ్ణి పిలవను. మిషను మాత్రం బాగానే నడుస్తోంది.

ఏప్రిల్ 2

యాయ్రా తల్లి అడాక్లూ నుంచి వచ్చింది. కర్రపెండలం గరి రవ్వ ఒక బుట్ట, పొగబెట్టిన చేపలు తెచ్చింది. మూల బల్ల మీద అంచున కూర్చుంది, గుడ్డలు నలుగుతాయేమోనని. చాలాసేపు వానల గురించి మాట్లాడి, చివరికి అడిగింది. "మేడమ్, పిల్ల విడుదల సంగతి... పోయిన ఈస్టరుకి అన్నారు."

"ఈ ఈస్టరు ఆర్డర్లు అయిపోనీ. కాలరు ఇంకా కుదరడం లేదు దానికి."

"మీరు చెప్పాక తిరుగేముంది మేడమ్. మీ చేతిలో పెట్టిన పిల్ల."

అది నిజం. తల్లి తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను నలుగురి ముందు విడుదల చేసి చేయి తీస్తేనే ఆ పిల్ల సొంతంగా కత్తెర పట్టాలి. నేను తీయకుండా పడితే ఈ ఊళ్ళో ఎవరూ జానెడు గుడ్డ ఇవ్వరు. పద్ధతి పద్ధతే. తొందరపడి విడుదల చేసి, తర్వాత పేరు పోగొట్టుకున్న మేడమ్‌లని చూశాను.

జూన్ 11

వాన. ఈరోజు కూడా యాయ్రా ఏమీ అడగలేదు. మంచి పిల్ల.

జూలై 5

కస్టమర్లు గుమ్మంలోకి రాగానే "యాయ్రా ఉందా?" అంటున్నారు. నేను వాళ్ళ ఎదురుగానే ఉంటాను.

సెప్టెంబర్ 14

దుంపల పండగ. ఊరంతా డప్పులు. కొత్త దుంపల ముద్ద తిన్నాము. పండగకి విడుదల చేస్తానని నోరు జారాను గానీ ఇంత రద్దీలో ఎలా కుదురుతుంది. క్రిస్మస్‌కి గట్టిగా చేస్తాను. అప్పుడైతే చుట్టాలు కూడా ఊళ్ళోనే ఉంటారు, వేడుక బాగుంటుంది. దాని మంచికే.

అక్టోబర్ 19

సెంటరు వాళ్ళు రెండో జట్టుని తీసుకుంటున్నారట. అకోఫా స్వయంగా షాపుకొచ్చి చెప్పింది. "ఈసారి యాయ్రాని పంపవే. పోయినసారే దాన్ని పంపుతావనుకున్నాను."

ఆలోచిస్తానన్నాను. వెళ్ళేటప్పుడు నా కళ్ళలోకి వంగి చూసింది. "చత్వారం వచ్చిందా నీకు? బిల్లు అంత దూరం పెట్టి చదువుతున్నావు." దానికి అన్నీ కావాలి.

నవంబర్ 6

సెంటరుకి పిల్లని చూపించడానికి చివరి రోజు ఈ శుక్రవారమని అకోఫా కబురు పెట్టింది. శుక్రవారం సాయంత్రానికే, ఊళ్ళో పోయిన ఒక పెద్దాయన అంత్యక్రియల బట్టలు ఇచ్చి తీరాలి. శనివారం పూడ్చిపెడుతున్నారు. ఇంటిల్లిపాదీ నలుపు ఎరుపు బట్టలు కుట్టించుకుంటున్నారు. చచ్చినవాడు ఆగడు కదా.

నవంబర్ 9

శుక్రవారం అయిపోయింది. బట్టలన్నీ టైముకి ఇచ్చాము. అంత్యక్రియల్లో అందరూ మెచ్చుకున్నారు. సెంటరు వచ్చే ఏడాది కూడా ఉంటుంది.

నవంబర్ 12

అకోఫా బజారులో నిలబెట్టి అడిగింది.

"వచ్చే ఏడాదా? ఆ పిల్లకి ఈ నెలాఖరుకి పాతికేళ్ళు నిండుతున్నాయే! ఇంక ఏ జట్టులో తీసుకుంటారు?"

నాకు తెలియదన్నాను.

తెలుసు. ఏటా నవంబరులో మిగిలిన ముక్కలన్నీ కలిపి దాని పుట్టినరోజుకి జాకెట్టు కుట్టిచ్చేది నేనే. తెలిసీ ఆ రోజు దాటించాను. అంత్యక్రియలు లేకపోతే ఇంకేదో అడ్డం పెట్టుకునేదాన్ని. నా చేతికి గీత దొరకడం లేదు. సుద్ద మారిస్తే దొరుకుతుందని ఏడాదిగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఆ పిల్ల వెళ్ళిపోతే షాపు మూసుకోవాలి. అందుకే పట్టుకున్నాను.

రాశాను కదా. ఇక చాలు.

డిసెంబర్ 23

కాఫూయి వచ్చింది. కాళ్ళకి కొత్త బూట్లు, జుట్టు కొత్తగా అల్లించుకుంది. బస్సు కిటికీలోంచి కొన్న, ఆకుల్లో చుట్టిన ఆవిరి రొట్టెలూ వేయించిన బుల్లి చేపలూ సంచీ నిండా తెచ్చింది. లోపలికి రాగానే అలవాటుగా చీపురు వెతుక్కుంది. అందరం నవ్వాము.

చదువు పూర్తయిందట. టేమాలో బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగం. కుట్టడం కాదు, ఒక లైనంతా చూసుకునే సూపర్‌వైజరు.

"నువ్వు సూపర్‌వైజరా?" అంది యాయ్రా, పొట్ట పట్టుకుని నవ్వుతూ. "ఎవరే నీకిచ్చింది? చేతులు తారుమారుగా కుట్టిన పిల్లలందరికీ నాయకురాలివా?"

"ఏమనుకుంటున్నావు! ఇప్పుడు నేను కుట్టక్కర్లేదక్కా. కుట్టినవాళ్ళని తిట్టడమే."

చిన్న పిల్లలు సెంటరు గురించి అడుగుతుంటే కాఫూయి జోరుగా చెప్పుకుపోయింది. భోజనాలు, హాస్టలు, గోడకి అద్దాల పెట్టె. "మొదటి జట్టు తెచ్చిన బట్టల్లో బాగున్నది అందులో పెట్టారు. వచ్చినవాళ్ళందరికీ నా కాబానే..." అని ఆగిపోయింది.

షాపులో మిషన్లు ఆగాయి.

"ఏ రంగుదే?" అంది యాయ్రా.

కాఫూయి నా వంక చూసింది. నేను ఇస్త్రీ పెట్టె వంక చూశాను.

"ఆకుపచ్చ" అంది చివరికి. "పసుపు గువ్వలు."

యాయ్రా ఆవిరి రొట్టె ఒకటి విప్పి, సగం తుంచి కాఫూయికిచ్చి, "తిను, చల్లారిపోతోంది" అంది.

డిసెంబర్ 24

రోజూ లాగే వచ్చింది. నీళ్ళు పట్టింది, ఊడ్చింది, నాలుగు గౌన్లు కోసింది. ఒక్క మాట ఎత్తిపొడవలేదు. తిట్టినా బాగుండేది. సాయంత్రం సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"మేడమ్, నన్ను విడుదల చేయండి."

ఇన్నేళ్ళలో మొదటిసారి నోరు తెరిచి అడిగింది. సరేనన్నాను.

డిసెంబర్ 25

చర్చిలో అందరితోపాటు నిలబడ్డాను, కూర్చున్నాను. ప్రార్థన రాలేదు.

జనవరి 10

తల్లి పెద్దమనుషులని వెంటబెట్టుకుని, పద్ధతి ప్రకారం సారా సీసాలతో వచ్చింది. తేదీ పెట్టుకున్నాము. వెళ్ళేముందు నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, నేను లేపేలోపే. "నా బిడ్డని మనిషిని చేశారు మేడమ్. మీ రుణం తీర్చుకోలేను."

ఆ మాటలు వింటూ నిలబడటం కంటే నరకం లేదు.

జనవరి 30

ఈరోజు యాయ్రా విడుదల. వివరంగా రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

సంఘం వాళ్ళందరూ వచ్చారు. సెనానూ కూడా వచ్చాడు, పిలవకపోయినా. గుడారం వేశారు, పెద్ద స్పీకర్లు పెట్టారు. యాయ్రా తన తెల్ల గౌను తానే కోసుకుంది. బల్ల మీద కొత్త కత్తెర, టేపు, పౌడరు డబ్బాలు. నేను ఊదా రంగు పట్టు కట్టుకున్నాను.

దాన్ని తెచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. తల మీద చేయి పెట్టాను. మేడమ్ చెప్పాల్సిన మాటలు నాకు నిద్రలో కూడా వస్తాయి. ఎంతమందికి చెప్పలేదు! "నాకు తెలిసిన పనంతా నేర్పాను. నీ దారికి అడ్డం రాలేదు. నీకు రావలసింది ఏదీ దాచుకోలేదు." మొదటి మాట అన్నాను. రెండోది గొంతులో ఆగిపోయింది. జనం అయ్యో అన్నారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పిల్లని వదల్లేక ఏడుస్తోందనుకున్నారు. అకోఫా లేచి, "సరేలే, అన్నట్టే లెక్క" అని మైకులో చెప్పేసింది.

తర్వాత పిల్ల వంతు. విడుదలయ్యే పిల్ల మేడమ్‌ని క్షమాపణ అడగాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో, వాళ్ళకి నాలాంటి మేడమ్ తగిలి ఉండదు.

యాయ్రా తలెత్తింది. మైకు దాని నోటి దగ్గర పెట్టారు. "మేడమ్, ఇన్నేళ్ళలో తెలిసీ తెలియకా నా వల్ల జరిగిన తప్పులుంటే క్షమించండి."

గొంతులో వణుకు లేదు, ఎగతాళి లేదు. నేర్చుకున్న మాటని శుభ్రంగా అప్పజెప్పింది. నన్నే చూస్తోంది. అది మోకాళ్ళ మీద ఉంది, నేను కుర్చీలో ఉన్నాను. లేచి దాని పక్కన కూర్చుని అందరి ముందు నిజం చెప్పొచ్చు. మైకు అక్కడే ఉంది. అగ్బెకోకి ఫోను చేయించొచ్చు. కాబా ఎవరిదో ఊరంతటికీ చెప్పొచ్చు.

"క్షమించాను" అన్నాను.

చప్పట్లు. పౌడరు డబ్బాలు తెరిచి దాని తల మీద కుమ్మరించారు. తెల్లగా, కనుబొమ్మలు కూడా కనిపించకుండా నిలబడింది. పిల్లలు చుట్టూ గంతులేశారు. తల్లి నాట్యం చేసింది. నేనూ రెండడుగులు వేశాను, వేయకపోతే బాగుండదని.

ఫిబ్రవరి 17

యాయ్రాకి సొంత మిషను కొనే దారి లేదు. నేర్పిన మేడమ్ ఉన్న ఊళ్ళో ఎదురుగా షాపు పెట్టడం మర్యాద కాదని తల్లి వద్దంది. నేను మిషను ఇస్తాను, ఎదురుగానే పెట్టుకోమన్నాను. "వద్దు మేడమ్" అంది యాయ్రా. అంతే.

కాఫూయి తన ఫ్యాక్టరీలో చోటు చూసిందట. యాయ్రా టేమా వెళ్ళింది. నేను బస్సు దగ్గరికి వెళ్ళలేదు. నన్ను రమ్మనలేదు.

మార్చి 8

అకోఫా బలవంతం మీద కళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. కుడి కంట్లో పొర. చిన్న ఆపరేషను, పొద్దున వస్తే సాయంత్రం ఇంటికి పంపేస్తారట. "ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారమ్మా?" అని అడిగాడు డాక్టరు.

మార్చి 24

కట్టు విప్పారు. షాపుకొచ్చి గుడ్డ మీద గీత గీశాను. ఒకటే పడింది. నలుగురు కస్టమర్ల బట్టలు నేనే కోశాను. ఒక్కటీ తప్పు పోలేదు.

ఒక్క రోజు పని. దానికి భయపడి ఆ పిల్ల బతుకుకి అడ్డం పడ్డాను.

ఏప్రిల్ 5

యాయ్రాకి ఫోను చేశాను. మధ్యాహ్నం భోజనం టైములో దొరికింది. ఎలా ఉన్నావన్నాను. బాగున్నానంది. తిన్నావా అంటే గరీ బొబ్బర్లూ తిన్నానంది.

"ఏం కోస్తున్నావు అక్కడ?"

"ఇక్కడ కోసేది మిషను మేడమ్. నాది ఎడమ పక్క కుట్టు."

"ఎడమ పక్కా? దేనికి?"

"చొక్కాలకి. నా దగ్గరికి ఎడమ పక్క వస్తుంది, కుట్టి పక్కకి తోస్తాను. మళ్ళీ వస్తుంది."

"మరి మెడ, చేతులూ?"

"అవి వేరేవాళ్ళు. నాకు కనిపించవు."

యాయ్రానే మళ్ళీ అందుకుంది. "కాఫూయి బాగా చూసుకుంటుంది మేడమ్. నన్ను ఫ్యాను పక్కన కూర్చోబెట్టింది. అందరికీ దొరకదు ఆ సీటు."

ఇక ఆపుకోలేకపోయాను. "యాయ్రా, తప్పు నాది. ఆ కాబా నీదని నేను చెప్పలేదు. రెండోసారి కూడా కావాలనే నిన్ను ఆపాను. నన్ను క్షమించవే తల్లీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అటువైపు ఎవరో నవ్వుతున్నారు, గిన్నెలు కడుగుతున్నారు. యాయ్రా ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఫోను పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు.

"గంట కొట్టారు మేడమ్" అంది కాసేపటికి. "నేను లేటయితే కాఫూయికి మాటొస్తుంది. వెళ్తాను."

క్షమించానని అనలేదు. నేనైతే ఆ రోజు ఊరందరి ముందు, దాన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ఒక్క క్షణంలో అనేశాను.